నీలం గేటు అత్త

కొరియాలోని టొంగ్యోంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే ఆడవాళ్ల చేతులు ఆగవు. కూలి అంతా తూకం మీద. నోటికి మాత్రం తూకం లేదు.

ఆ షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా కథలు చెబుతున్నది సిమ్ మల్సున్. తెల్లారకముందే పనిలోకి రావాలి గనక మిగతావాళ్లు పెందలాడే పడుకునేవారు. ఈవిడ మాత్రం శని, ఆదివారాల సీరియల్ చూసిగానీ పక్క ఎక్కేది కాదు. సోమవారం పొద్దున బల్ల ముందు నిలబడి, కత్తి ఆడిస్తూనే, రెండు భాగాలూ అప్పజెప్పేది. నేను అక్కడ చాలా శీతాకాలాలు బుట్టలు మోశాను. ఎన్నో రేవులు తిరిగాను, చేతికందిన పుస్తకమల్లా నమిలాను గానీ, విన్నవాళ్ల పళ్లు పటపటలాడేలా కథ చెప్పేవాళ్లను ఇంకెక్కడా చూడలేదు.

అప్పట్లో ఊరూరా ఒక సీరియల్ మీద పిచ్చి ఉండేది. నీలం గేటున్న పెద్ద ఇల్లు, అందులో ఒక అత్త, పేదింటి నుంచి వచ్చిన కోడలు. ఆ అత్త వేషం వేసినావిడ ఒకసారి మా రేవు బజారుకొస్తే, చేపలమ్మే ముసలమ్మ వీపు మీద ఒక్కటి చరిచి, "ముందు ఆ పిల్లకి అన్నం పెట్టు" అన్నదట. ఆవిడ తల వంచి "పెడతానమ్మా" అన్నదట. పాపం, ఇంకేమనగలదు.

మల్సున్‌కి అప్పుడు ముప్ఫై ఒకటి. అత్తగారింట్లో అందరూ తిన్నాక మిగిలిన చల్లని పులుసు ఆమె వంతు. ఆ చల్లదనమంతా సోమవారాల్లో నిప్పయ్యేది.

ఆమె పక్క బల్ల ఓక్ బొంగ్నిమ్‌ది. వయసులో పదిహేడేళ్లు పెద్ద. ఒకరోజు బొంగ్నిమ్ కోడలు జొంగిమ్ అన్నం డబ్బా తెచ్చింది. బొంగ్నిమ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు ఇంట్లోనే మరిచిపోయి వచ్చావా?" అంది.

"వచ్చిందమ్మా నీలం గేటు," అంది మల్సున్.

షెడ్డంతా విరగబడి నవ్వింది. జొంగిమ్ ముఖం ఎర్రబడింది. ఆ పిల్ల మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. తర్వాత్తర్వాత అత్తను తీసుకెళ్లడానికి కారులో వచ్చినా, బయటే ఆపి హారన్ కొట్టేది. పేరు మాత్రం ఉండిపోయింది. సీరియల్ ముఖమే ఎరగని చిన్నవాళ్లు కూడా బొంగ్నిమ్‌ని నీలం గేటమ్మా అనే పిలిచేవారు.

పోయిన శీతాకాలం ఆ పాత సీరియల్ మధ్యాహ్నాలు మళ్లీ వేశారు. చూద్దాం ఆ రాక్షసిని అని కూర్చుంది మల్సున్. ఆ వారమే ఆమె కోడలు ఫోన్ చేసి, "అత్తయ్యా, ఈసారి కిమ్చీ పంపకండి, ఫ్రిజ్‌లో చోటు లేదు," అన్నది. మర్యాదగానే అన్నది. అప్పటికే ఆల్చిప్పల మాంసం దట్టించిన కిమ్చీ పచ్చడి నాలుగు పెట్టెలు కట్టి గుమ్మంలో ఉన్నాయి.

ఆ పెట్టెల పక్కనే కూర్చుని చూసింది. తెర మీద మంచు కురుస్తోంది. అత్త ముడిచిన గొడుగు పట్టుకుని బస్‌స్టాప్‌లో నిలబడింది. బస్సు రాగానే చప్పున మందుల షాపు బోర్డు వెనక్కి తప్పుకుంది. కోడలు దిగి నడిచింది. గొడుగు తెరవకుండానే అత్త దూరంగా వెంట నడిచింది.

ఈ ముక్క అప్పుడూ చూసిందని మల్సున్‌కి గుర్తొచ్చింది. చూసి, చెప్పలేదు.

మోకాళ్లు మొరాయించి, పీట మీద కూర్చునే ఒలుస్తున్న బొంగ్నిమ్ ఆ వారంతో పని మానేస్తానంది. మల్సున్ ఆగలేకపోయింది.

"ఇవాళ పాత కథ," అంది సోమవారం. "అప్పట్లో ఒక ముక్క మింగేశాను."

చెప్పింది. కత్తులు నెమ్మదించాయి.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు దాచావు పిన్నీ?" అంది ఎదురు బల్ల యొంజూ.

"అప్పుడు నేను బస్సులో ఉన్నానే. ఇప్పుడు బోర్డు వెనకాల ఉన్నా." మల్సున్ పక్కకి తిరిగింది. "అక్కా, ఆ పేరు పెట్టింది నేను. తీసేస్తున్నా."

బొంగ్నిమ్ తల ఎత్తలేదు. "ఆ భాగం నేనూ చూశానే. మనవడికి జ్వరం, మెలకువగానే ఉన్నా. నువ్వెలా చెబుతావోనని సోమవారం అందరికంటే ముందొచ్చా. మంచు కురిసిందన్నావు. పిల్ల ఒంటరిగా ఇల్లు చేరిందన్నావు."

"అప్పుడే రెండు తిట్టొచ్చుగా నన్ను."

"నువ్వు చెబుతూ ఏడుస్తున్నావాయె. మీ అత్త నీకేం పెట్టేదో నాకు తెలియదా?" బొంగ్నిమ్ ఇంకో చిప్ప అందుకుంది. "నన్నెలా పిలిస్తేనేం. ఈ పిల్లలకి అలవాటైపోయింది. అయినా నాకు చెప్పి ఏం లాభం?"

బయట హారన్ మోగింది.

మల్సున్ చేతి తొడుగులు తీయకుండానే బయటికెళ్లి కారు అద్దం తట్టింది. లోపల జొంగిమ్. జుట్టు నెరిసింది.

"లోపలికి రా అమ్మాయ్."

"పర్లేదండీ, ఇక్కడే ఉంటాను."

"ముప్ఫై ఏళ్ల కింద నిన్ను నవ్వులపాలు చేసింది నేను, మీ అత్త కాదు. నీకొక కథ బాకీ. ఇక్కడ చలికి నా పళ్లు కొట్టుకుంటున్నాయి, సరిగా చెప్పలేను."

జొంగిమ్ స్టీరింగ్ మీంచి చేతులు తీసింది. తర్వాత ఇంజన్ ఆపి దిగింది. గడప దగ్గర ఆగితే, యొంజూ ఒక ఎత్తుపీట జరిపింది, బొంగ్నిమ్ పక్కనే. అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బొంగ్నిమ్ మాత్రం తన ఒళ్లో కప్పుకున్న దుప్పటి అంచు కోడలి మోకాళ్ల మీదికి లాగింది.

మల్సున్ కత్తి అందుకుని, బస్సు ఇంకా రాకముందు నుంచి మొదలుపెట్టింది.