శ్రీపతి చూపించని సీసా

చిక్కడపల్లిలో మేము అద్దెకున్న వాటా కిటికీ తెరిస్తే శ్రీపతిగారి షెడ్డు కనిపించేది. పైన రేకులు, కింద నూనె ఇంకి నల్లబడిన నేల, మధ్యలో ఎప్పుడూ బానెట్ ఎత్తిన కారు ఒకటి. వాళ్ల నాన్న పాత సర్కారులో గుమాస్తా. కొడుకు కూడా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చెయ్యాలని ఆయన కోరిక. శ్రీపతి ఇంటర్మీడియెట్ సగంలో వదిలేసి బస్సు డిపోలో చేరాడు. కొన్నేళ్లకు అదీ వదిలేసి ఈ షెడ్డు వేసుకున్నాడు. పిల్లలు లేరు. ఆయన, భార్య ప్రభావతి, వచ్చేపోయే కార్లు.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక ఇబ్బంది ఉండేది. కారు జబ్బేమిటో ఆయన నోటితో చెప్పడు. చూపిస్తాడు.

"శ్రీపతన్నా, ఏమైందో చెప్పరాదే. ఆఫీసుకు పోవాలె."

"నేను చెప్తే నువ్వు నమ్మాలె. చూస్తే నమ్మే పనే లేదు. ఇట్ల రా, ఈ సీసా పట్టుకో."

పొద్దున్నే స్టార్టు కాక మొరాయించే కార్లు ఆయనకు మహా ఇష్టం. ఇంజనుకు పెట్రోలు తెచ్చే గొట్టం ఊడదీసి, దాని కొసను గాజు సీసాలో పెట్టి, సీసాను కారు యజమాని చేతికిచ్చేవాడు. తను స్టార్టరు నొక్కేవాడు. పెట్రోలు పంపు బాగుంటే పెట్రోలు బలంగా, ఆగి ఆగి చిమ్ముతుంది. లేకపోతే నీరసంగా చుక్కలు పడతాయి. అంతమాత్రాన పంపు మీద నేరం మోపడానికి ఒప్పుకునేవాడు కాదు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో మురికి అడ్డుపడినా చుక్కలే పడతాయి కదా. అందుకని ట్యాంకును తప్పించి, డబ్బాలోంచి నేరుగా పంపుకు పెట్రోలు అందించి మళ్లీ చూపించేవాడు. అప్పటికీ చుక్కలే అయితే, ఇంజన్ ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి ఎదుటివాడి ముక్కు దగ్గర పెట్టేవాడు. ఆయిలులో పెట్రోలు వాసన వస్తే పంపులోపల ముందుకీ వెనక్కీ కదులుతూ పెట్రోలును తోసే గుడ్డపొర చిరిగిందన్నమాట. "ఇగ చెప్పు, ఏం పోయింది?" అని యజమానినే అడిగేవాడు. చాలామంది గడియారం చూసుకునేవారు.

చూసుకోని మనిషి విశ్వేశ్వరరావుగారు ఒక్కరే.

ఆయనది గుంటూరు వైపు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆఫీసుతో పాటు వచ్చి అశోక్‌నగర్‌లో ఉంటున్నారు. ఎవరో వాడి అమ్మేసిన అంబాసిడర్ కొన్నారు గాని, కారు గురించి ఆయనకేమీ తెలియదు. మొదటిసారి సీసా చేతికిచ్చినప్పుడు లాల్చీ నిండా పెట్రోలు పోసుకున్నారట. అయినా వదలకుండా, "ఏమయ్యా శ్రీపతీ, మరి ఆ పొర మళ్లీ వెనక్కి ఎలా వస్తుందోయ్?" అని అడిగారట. శ్రీపతిని అలాంటి ప్రశ్న అడిగినవాళ్లు అంతకుముందు లేరు. పాత పంపు ఒకటి విప్పి స్ప్రింగు చూపించాడు. ఆ తరువాత ఆదివారాల్లో కారుకు జబ్బున్నా లేకున్నా రావుగారు షెడ్డులో ఉండేవారు. ఒకరు చెప్పడం, ఒకరు వినడం. ప్రభావతిగారు టీ గ్లాసులు తెచ్చి, "కారు ఒక్కటే ఉన్నది గని, ముచ్చట్లు పది కార్లకు సరిపోతయి" అనేది.

అరవై తొమ్మిదిలో వేరు రాష్ట్రం కోసం గొడవలు మొదలయ్యాయి. కాలేజీలు మూసేశారు. నారాయణగూడలో దుకాణాలు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలిసేది కాదు. ఆంధ్రావాళ్లను వెళ్లిపొమ్మని గోడల మీద రాతలు వెలిశాయి. షెడ్డులో ఇద్దరూ ఆ విషయం ఎత్తేవారు కాదు. ఎత్తకపోవడమే మంచిదని ఇద్దరూ అనుకుని ఉంటారు.

వేసవిలో ఒక ఆదివారం రావుగారు కారు తెచ్చారు. తెచ్చారంటే, నలుగురు తోస్తే వచ్చింది.

"పొద్దున అరగంట గింజుకుంటే గాని కదలడంలేదోయ్. ఎత్తు మీద ఆగిపోతోంది. నాకు గుంటూరుకు బదిలీ అయింది శ్రీపతీ. నేనే అడిగి చేయించుకున్నాను. మా ఆవిడ సుందరికి ఇక్కడ నిద్ర పట్టడంలేదు. ఇంకో వారంలో కారులోనే బయల్దేరదామని. అంత దూరం వెళ్లేలా చేసి పెట్టు."

శ్రీపతి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "మీరు లోపల కూసోండ్రి రావ్ సాబ్. ఎండ బాగున్నది. నేను చూస్త" అన్నాడు.

రావుగారు లోపల ప్రభావతిగారు ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నారు. బయట శ్రీపతి ఒక్కడే అన్ని పరీక్షలూ చేశాడు. చుక్కలే పడ్డాయి. డబ్బా పెట్టినా చుక్కలే. పుల్ల వాసన చూశాడు. పంపులో పొర చిరిగింది. కొత్త పొర షెడ్డులో డబ్బాలోనే ఉంది. టీ చల్లారేలోపు అయిపోయే పని.

లోపలికి వచ్చి, "ఇంజన్ లోపల ఖరాబైంది. మొత్తం విప్పాలె. సామాన్లు బొంబాయి నుంచి రావాలె. నెల పట్టొచ్చు" అన్నాడు. "గిట్ల దూరం పోవద్దు. నడిమధ్యల ఆగితే పరేషాన్ అయితరు."

రావుగారు కొంచెంసేపు ఆయన మొహంలోకి చూశారు. "సరే, ఆలోచిస్తాను" అని కారు మళ్లీ తోయించుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అశోక్‌నగర్‌లో జరిగిందంతా సుందరిగారు తరువాత మా అమ్మ దగ్గర చెప్పుకుంది. రావుగారు ఇంటికి వెళ్లి పచ్చడి సీసా ఒకటి ఖాళీ చేయించారు. ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టి స్టార్టరు నొక్కమన్నారు.

"ఏమండీ, ఇది నొక్కితే కారు వెళ్లిపోదు కదా?"

"వెళ్తే ఇంత బాధెందుకే. నొక్కు."

శ్రీపతి నేర్పినట్టే, ఆ వరసలోనే, అన్నీ చేశారు. చివరికి పుల్ల వాసన చూసి మెట్ల మీద కూర్చుండిపోయారట.

"ఇంజనుకేం కాలేదు. పంపు పోయింది, అంతే."

"మరి ఆయన అలా ఎందుకు చెప్పాడు?"

"తెలీదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూపించకుండా చెప్పలేదు. ఈసారి నన్ను లోపల కూర్చోబెట్టాడు."

"తెలియకపోవడానికేముందండీ. మనల్ని ఇక్కడ ఇరికించాలని. పొమ్మని గోడల మీద రాసేవాళ్లు ఒకళ్లూ, పోనివ్వకుండా చేసేవాళ్లు ఒకళ్లూనా?"

రావుగారు కాదనలేదు. ఆ రోజుల్లో అలాంటి మాట కాదనడం ఎవరికీ తేలిక కాదు.

మర్నాడు నారాయణగూడ నుంచి మాసయ్య అనే మెకానిక్కును పిలిపించారు. అతను పంపు బిగిస్తుండగా శ్రీపతి అశోక్‌నగర్ వెళ్లాడు. కొత్త పొర జేబులో పెట్టుకునే వెళ్లాడని ప్రభావతిగారు చెప్పింది. నిజం చెప్పి బాగుచేసి రావాలని బయల్దేరాడట. గేటు దగ్గరే మాసయ్య చూసి నవ్వాడు.

"ఏందన్నా, గీ పంపుకు ఇంజన్ మొత్తం విప్పాలన్నవట? గట్లయితే టైరు పంక్చరైతే ఇల్లు కూలగొట్టమంటవా?"

రావుగారు మెట్లు దిగి వచ్చారు.

"పంపేనండీ శ్రీపతిగారూ" అన్నారు. ఆయన నోట 'గారు' అని రావడం అదే మొదలు. "మీకు ముందే తెలుసా?"

"తెల్సు."

"మరి?"

శ్రీపతి కారు వైపు, మాసయ్య వైపు చూశాడు. మాసయ్య వింటున్నాడు. పైన కిటికీలో సుందరిగారు నిలబడి ఉంది.

"ఎండలు జర తగ్గినంక పోతే మంచిగుంటదని..." అన్నాడు.

రావుగారు ఇంకా ఏదో వింటానన్నట్టు కొంచెం ఆగారు. తరువాత, "ఎండకేముందిలెండి" అని మొహం తిప్పుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆ వారాంతంలో వాళ్లు వెళ్లిపోయారు. విజయవాడ రోడ్డు ఎక్కడానికి మా సందు మీదుగా రానక్కర్లేదు. రాలేదు కూడా. ఆ ఉదయం శ్రీపతి షెడ్డు తెరవలేదు. బజారు బందు అని అందరూ అనుకున్నారు గాని, ఆ రోజు బందు లేదు.

గొడవలు సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం మా అమ్మతో కలిసి శ్రీపతిగారింటికి వెళ్లాను. ప్రభావతిగారు బియ్యం ఏరుతోంది. శ్రీపతి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. మాటల్లో రావుగారి ప్రస్తావన వచ్చింది. ఆమె తలెత్తకుండానే అంది:

"పోకుండ్రి అని ఒక్క మాట అడగరాకపాయె నీకు. అబద్ధమైతే అడ్డం లేకుండ వచ్చె."

"అడిగితే ఆగుతుండెనా?" అన్నాడు శ్రీపతి.

"ఆగకపోతుండె. పెండ్లాం భయపడ్తుంటే ఎట్ల ఆగుతడు?" ఆమె చేట పక్కన పెట్టింది. "గని నిన్ను మనసుల మంచిగనే పెట్టుకొని పోతుండె."

శ్రీపతి లేచి చెప్పులు వేసుకుని షెడ్డులోకి వెళ్లాడు.