ఊఁ అంటే సరేనని కాదు

మా నాన్నకు మాట పడిపోయాక ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆయన ముందే ఆయన గురించి నన్ను అడిగేవారు. "తింటున్నాడా?" "నిద్ర పడుతోందా?" "మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?" ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషి వైపు ఒక్కరూ చూసేవారు కాదు. పడిపోయింది నోటి మాట, చెవులు బాగానే ఉన్నాయి మొర్రో అని ఎంతమందికి చెప్పానో. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ విన్నవాళ్లు లేరు.

పక్షవాతం ఆయన కుడి చేతినీ మాటనూ తీసుకుపోయి, ఒక్క శబ్దం మిగిల్చింది. ఊఁ. ఆకలేసినా ఊఁ, వద్దన్నా ఊఁ, టీవీ కట్టేయమన్నా ఊఁ.

ఉన్నమాట చెప్పాలంటే నాకు ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉండేది. జీవితంలో ఎవరికీ ఊఁ కొట్టని మనిషి. మా ఇంట్లో ఆ పని అమ్మది. అన్నం దగ్గర కూర్చుని మిరపతోట గురించి, యార్డులో ధర గురించి, గట్టు జరిపిన పక్క చేను వాడి గురించి నాన్న చెబుతూనే ఉండేవాడు, అమ్మ వడ్డిస్తూ ఊఁ కొట్టేది. కాస్త ఆపిందా, "వింటున్నావా, నిద్రపోతున్నావా?" అని అరిచేవాడు. అదే అమ్మ ఏదైనా చెప్పబోతే రెండో మాట పూర్తి కాకముందే కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ సామెత పుట్టింది మా వంటింట్లోనే అనుకునేదాన్ని.

అమ్మ ఊఁలన్నీ నాకు తెలుసు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని వాటిని వింటూ పెరిగాను. పొట్టిగా తెగితే సరేనని. కిందికి జారితే నాకిష్టం లేదు, అయినా కానివ్వమని. ముక్కులోంచి దీర్ఘం తీస్తే నీ ఎత్తు నాకు తెలుసులే అని. నాన్నకు అన్నీ ఒకటే. ఊఁ వినపడితే చాలు, అది ఏ ఊఁ అయితే ఆయనకెందుకు!

అమ్మ పోయాక సేద్యం నా చేతికి వచ్చింది, పేరుకు మాత్రమే. కూలీలను పిలిచేదీ మందు కొట్టించేదీ నేను, ఏ పంట వేయాలో చెప్పేది ఆయన. నల్ల తామరపురుగు పడి మిరప పూతంతా రాలిపోయిన ఏడు, "ఈసారికి శనగ వేద్దాం నాన్నా" అన్నాను.

"శనగలు నమల్డానికి పనికొస్తయ్. బతకాలంటే మిరపే. నోర్మూసుకో" అన్నాడు.

మళ్లీ మిరపే వేశాం. మళ్లీ పోయింది. నేను చెప్పలేదా అని అనబోతే ఆ మాట కూడా పూర్తి కానివ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన మంచాన పడ్డాడు.

ఈ ఏడు తొలకరికి ముందు బాబాయి వచ్చాడు. నాన్నకు తమ్ముడు, మా చేను పక్కనే ఆయన చేను. తన దాంట్లో జామాయిల్ వేస్తున్నాడట, మాది కూడా కలిపేస్తే కాపలా తేలికట. మజ్జిగ తాగి మూతి తుడుచుకుని, నాన్న మొహం మీదికి వంగి, చెవిటివాడికి చెప్పినట్టు అరిచాడు.

"అన్నయ్యా! మన చేలో జామాయిల్ ఏసేద్దామా? చాకిరీ ఉండదు!"

"ఊఁ" అన్నాడు నాన్న.

"చూశావా అమ్మాయ్, ఊఁ అన్నాడు. రేపే నర్సరీలో మొక్కలకి చెప్తా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఊఁ ముక్కులోంచి, దీర్ఘం తీసి వచ్చింది. అచ్చం అమ్మది. ఇన్నేళ్లూ ఆవిడ ఊఁలు పట్టించుకోనట్టే ఉండి, వాటిని ఎక్కడ దాచుకున్నాడో ఈయన!

"అది సరేనన్న ఊఁ కాదు బాబాయ్."

"ఏందే కాదు? మౌనమే అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ నోరు తెరిచి ఊఁ అంటుంటే నువ్వు కాదంటావేంది?"

నేను నాన్న వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అడిగాను. "నాన్నా, మీ తమ్ముడికి మతి గానీ పోయిందా?"

"ఊఁ" అన్నాడు. పొట్టిగా, తెగ్గొట్టినట్టు.

బాబాయి కండువా దులుపుకుని లేచాడు. "తండ్రీ కూతుళ్లు ఒకటయ్యారు. మీ చావు మీరు చావండి" అంటూ వెళ్లిపోయాడు.

మేమిద్దరం ఒకటవడం! పుట్టి బుద్ధెరిగాక ఆ మాట వినడం అదే మొదలు.

"నువ్వు మిరపే వేయమంటావు, అంతేగా?" అన్నాను.

"ఊఁ." మళ్లీ పొట్టిగా.

"నేను వేయను."

ఎడమ చేత్తో కుర్చీ మీద ఒక్కటి చరిచాడు. పూర్వమైతే ఆయన అరుపుకు వీధి చివర వాళ్లు బయటికొచ్చేవాళ్లు. నోరు లేని మనిషి మీద నోరు చేసుకుంటే ఏం గొప్ప? తెలుసు. అయినా తగ్గలేదు.

"ఎందుకు వేయనో చెప్తా. వింటావా?"

నా మొహంలోకి చూశాడు. తర్వాత "ఊఁ?" అన్నాడు, చివర కాస్త పైకి లేపి. కథ చెబుతుంటే పిల్లలు అనే ఊఁ అది. ఆఁ, తర్వాతేమైంది, చెప్పు అనే ఊఁ. ఆయన నోట అలాంటిది నేనెన్నడూ వినలేదు.

సంతోషం కలగాల్సిన చోట నాకు కడుపు మండింది. ఈ ఒక్క ఊఁ అమ్మ బతికుండగా అని ఉంటే ఏం అరిగిపోయేది?

"శనగల సంగతి తర్వాత. ముందు అమ్మ సంగతి విను" అని పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. కంచం దగ్గర ఆవిడ మింగేసిన మాటలు నాకు తెలిసినన్నీ చెప్పాను. నా గొంతు పెద్దదిగానే ఉంది. ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఒకచోట ఊఁ వినపడలేదు.

"వింటున్నావా, నిద్రపోతున్నావా?" అని అరిచాను.

తల ఎత్తాడు. ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుని, "ఊఁ" అన్నాడు.