ఏడు ఇత్తడి మేకులు

దెయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. కోపం పట్టలేక రాస్తున్నాను. సగం కోపం ఒక పాత ఆట యంత్రం మీద, మిగతా సగం నా మీద. చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లో పదకొండేళ్లుగా ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. అబ్బాసియాలో ఒక రూములో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, మా ప్రాంతంవాడే అయిన ఓబులేసన్న, కోనసీమ నుంచి వచ్చిన ప్రసాదు. ప్రసాదు నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. మిర్కాబ్‌లో ఒక ఆఫీసు బిల్డింగులో రాత్రి డ్యూటీ క్లీనింగ్ అతనిది. పొద్దున ఆరున్నరకు వచ్చి పడుకునేవాడు. నేనూ ఓబులేసన్నా ఏడింటికల్లా పనికి వెళ్లిపోయేవాళ్లం. అంటే పగలంతా రూములో ప్రసాదు ఒక్కడే ఉండేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నా కోపం గురించి కూడా చెప్పాలి. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం తోసేసేవాణ్ణి. బాత్రూములో బకెట్ చోటు మారితే బిల్డింగంతా వినపడేలా అరిచేవాణ్ణి. ఓబులేసన్న పట్టించుకునేవాడు కాదు. ప్రసాదు మాత్రం నేను వచ్చే వేళకు చెప్పులు వరుసగా పెట్టి, బకెట్ దాని మూలలో ఉంచి, అప్పుడు డ్యూటీకి తయారయ్యేవాడు. ఆరేళ్లు అలాగే గడిచాయి. అతను ఇదంతా నాకోసం చేస్తున్నాడని ఒక్కరోజు కూడా నాకు తోచలేదు.

పోయిన వేసవిలో ఒక కువైటీ ఇంట్లో ఏసీ బాగుచేయడానికి వెళ్లాను. పని అయ్యాక ఆ ఇంటాయన నన్ను స్టోర్ రూములోకి తీసుకువెళ్లి దుప్పటి కప్పిన ఒక చెక్క పెట్టె చూపించాడు. జపాన్‌వాళ్ల పచింకో యంత్రం. ఆయన తండ్రి పడుచు వయసులో ఓడ మీద తెచ్చుకున్నాడట. నిలబెట్టిన బల్లకు అద్దం బిగించినట్టు ఉంటుంది. పక్కనున్న పిడి నొక్కి వదిలితే చిన్న ఉక్కు గోలీ పైకి ఎగిరి, బల్ల నిండా కొట్టిన ఇత్తడి మేకుల మధ్య తగులుకుంటూ కిందికి వస్తుంది. మధ్యలో ఉన్న చిన్న గిన్నెల్లో పడిందా, గంట మోగి కింది పళ్లెంలోకి బోలెడు గోలీలు రాలతాయి. గిన్నె తప్పిందా, ఆ గోలీ పోయినట్టే. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. తల్లికి ఇప్పుడు చూపు సరిగా లేదు. "ఆ గంట మళ్లీ వినాలంటోంది" అన్నాడాయన.

పాత యంత్రం చూస్తే నా చేతులు ఊరుకోవు. డబ్బు వద్దన్నాను. టాక్సీలో వేసుకుని రూముకు తెచ్చి నా మంచం పక్కన ట్రంకు పెట్టె మీద నిలబెట్టాను.

ఒక శుక్రవారమంతా దాంతోనే గడిచింది. వెనక రేకు విప్పి తుప్పు గీకాను. స్ప్రింగు మార్చాను. గోలీలు కిరసనాయిల్లో కడిగి బిస్కెట్ల డబ్బాలో పోశాను. మేకులు నల్లబడి ఉంటే, మనవాళ్లు బిందెలు తోమినట్టు చింతపండుతో ఒక్కొక్కటే తోమాను. ప్రసాదు నిద్రమాని వచ్చి పక్కన కూర్చుని చింతపండు పిసికి ఇచ్చాడు.

అప్పుడే నేనొక పని చేశాను. ఏసీ బయటి యూనిట్లో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. దుమ్ము గాలికో, చెయ్యి తగిలో అవి వంగితే దువ్వెనలాంటి పనిముట్టుతో దువ్వి నిటారుగా చేస్తాం. మా పనిలో వంగినదంటే పాడైనదే. ఆ బల్ల మీద రెండొందలకు పైగా మేకులుంటే, ఎడమ పక్క పైభాగంలో ఏడు మేకులు తలా ఒక వైపుకు వాలి ఉన్నాయి. ముందు ఫోనులో ఒక ఫొటో తీసుకుని, ముక్కు కటింగ్‌ప్లేయర్‌తో ఏడింటినీ నిటారుగా నిలబెట్టాను.

శనివారం సాయంత్రం పని నుంచి వచ్చి చూస్తే ఆ ఏడూ వంగి ఉన్నాయి.

నేనే సరిగా చేయలేదేమో అనుకుని మళ్లీ సరిచేశాను. ఆదివారం వచ్చేసరికి మళ్లీ వంగాయి. పాత ఫొటో పక్కన పెట్టి చూశాను. అవే ఏడు మేకులు, అదే వాలు. రెండు ఎడమకు, నాలుగు పైకి, ఒకటి కొద్దిగా కిందికి. చెయ్యి తగిలి వంగితే అలా వంగవు. ఎవరో కూర్చుని, చూసుకుని వంచాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. డ్యూటీకి బట్టలు వేసుకుంటున్న ప్రసాదును అడిగాను. "నేను వంచలేదన్నయ్యా" అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు. దొంగ కాకపోతే ముఖం ఎందుకు చూడడు అనుకున్నాను.

సోమవారం అద్దం అంచు మీద ఇన్సులేషన్ టేపు అతికించి, దాని మీద పెన్నుతో గీత గీసి వెళ్లాను. గురువారం దాకా రోజూ అదే చూశాను. టేపు తీసి మళ్లీ అతికించినట్టు గీత పక్కకు జరిగి ఉండేది, మేకులు వంగి ఉండేవి. గురువారం గిన్నెల బుట్టలో ప్రసాదు చెంచా దొరికింది. దాని కాడ నిండా పసుపురంగు గీతలు. స్టీలు మీద ఇత్తడి గీరుకుంటే పడే గీతలు అవి. మెకానిక్‌ను, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు శుక్రవారం. మా రూములో శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం కలిసి తినడం వాడుక. వంట వంతుల కాగితం ఫ్రిజ్ మీద అతికించి ఉంటుంది. ఆ వారం వంతు ప్రసాదుది. చేపల పులుసు చేశాడు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. తిన్నాకే ఆ చెంచా అతని కంచం ముందు విసిరాను.

"ఇదేందిరా? రోజూ మళ్ల మళ్ల వంచి నాతో ఆటలాడుకుంటాండావా? నా కష్టం నీకు నవ్వులాటగా ఉందా?"

"అన్నయ్యా, వంచింది నేను కాదు..."

"మరి అద్దం తీసింది ఎవురు?"

అతను చెంచా తీసి పక్కన పెట్టాడు. ఓబులేసన్న "పోనీలేప్పా, మేకులే కదా" అన్నాడు. నేను వినలేదు. ఇంకా ఏమేమో అన్నాను, ఇక్కడ రాయలేను. అతని తల్లి పెంపకం దాకా పోయాను. లేచి ఫ్రిజ్ మీది కాగితంలో అతని పేరు పెన్నుతో కొట్టేసి "ఖలాస్" అన్నాను. బ్యాచిలర్ రూములో వంతుల కాగితం నుంచి పేరు తీసేయడమంటే మెడపట్టి గెంటడమే. ఇక్కడ ఉన్నవాళ్లకు అది తెలుసు.

ప్రసాదు మూడు కంచాలూ కడిగాడు. పులుసు గిన్నె కూడా కడిగి బోర్లించాడు. సాయంత్రం ఒక సూట్‌కేసు, దుప్పటి తీసుకుని ఫహాహీల్‌లో ఉన్న చుట్టాల రూముకు వెళ్లిపోయాడు. తాళంచెవి నా మంచం మీద పెట్టి వెళ్లాడు. చెంచా మాత్రం తీసుకోలేదు.

ఆ రాత్రే మేకులు నిటారుగా చేసి హాయిగా పడుకున్నాను. పొద్దున ఓబులేసన్న తాళంచెవి కూడా అడిగి తీసుకున్నాను. మొత్తం మూడు చెవులూ నా జేబులోనే. బిల్డింగ్ కాపలా చూసే హారిస్ దగ్గర మా రూముకు వేరే చెవి లేదని ముందే కనుక్కున్నాను. సాయంత్రం అందరికంటే ముందు నేనే తలుపు తీశాను. టేపు కదల్లేదు, గీత ఉన్నచోటే ఉంది. లోపల ఏడు మేకులూ వంగి ఉన్నాయి.

భయం వేసిందని రాస్తే అబద్ధం. నాకు వచ్చింది కోపమే. పెట్టె పక్క చెక్కను పిడికిలితో గుద్దితే వేళ్ల చర్మం లేచిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. రూములో అరవడానికి ఎవరూ లేరు.

బుద్ధికి తోచినవన్నీ చూశాను. పగలు ఏసీ ఆపేస్తే వేడికి వంగుతున్నాయా అని ఒకరోజు ఏసీ ఆపకుండా వెళ్లాను. వంగాయి. కింద రోడ్డు మీద లారీల అదురేమో అని పెట్టె కింద రబ్బరు పరిచాను. వంగాయి. వేడికైతే రెండొందల మేకులుండగా ఆ ఏడే ఎందుకు వంగాలి? అదురుకైతే ఒకటి ఎడమకు, ఇంకొకటి పైకి ఎందుకు?

తరువాతి శుక్రవారం పొద్దున వాటిని సరిచేసి ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నాను. ఓబులేసన్న బజారుకు వెళ్లాడు. పదకొండింటిదాకా కళ్లార్పకుండా చూశాను. ఏమీ కాలేదు. చేతులు కడుక్కోవడానికి బాత్రూముకు వెళ్లాను. కుళాయి తిప్పానో లేదో, రూములో గంట ఒక్కసారి మోగింది. గోలీ పడితేగానీ ఆ గంట మోగదు. గోలీలన్నీ బిస్కెట్ల డబ్బాలో, డబ్బా నా మంచం కింద ఉంది. తడిచేతులతో పరుగెత్తుకు వచ్చాను. పట్టపగలు, కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. ఏడూ వంగి ఉన్నాయి.

ఇక వాటిని ముట్టుకోలేదు. వంగినవాటిని వంగినట్టే వదిలేశాను. ఆ తరువాత నాలుగు రోజులు అది నా పక్కనే ఉంది. ఏ చప్పుడూ లేదు, ఏ మేకూ కదల్లేదు. ఓబులేసన్న "వాపసిచ్చి రాప్పా" అని రోజూ పోరుపెట్టాడు.

చివరికి యంత్రాన్ని ఆ కువైటీ ఇంటికి తీసుకువెళ్లి హాల్లో పెట్టాను. ఆయన తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. అద్దం తీయమంది. బల్ల మీద అరచెయ్యి పరిచి మెల్లగా తడుముతూ పోయింది. ఎడమ పక్క పైకి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. ఒక్కొక్క మేకునూ వేలితో తాకుతూ అరబీలో లెక్కపెట్టింది. ఏడు. తరువాత పెద్దగా నవ్వింది, కళ్ల నుంచి నీళ్లు కారాయి.

కొడుకు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఎప్పుడూ ఓడిపోయేదట. ఆయన తండ్రి చిన్న సుత్తి పట్టుకుని ఆ ఏడు మేకుల్ని ఆవిడ కోసం వంచాడట, ఆవిడ కొట్టిన గోలీ గిన్నె దారి పట్టేలా. ఎవరైనా వాటి మీద చెయ్యి వేస్తే మనిషి మీదికి వచ్చేవాడట. "మా నాన్నకు కోపం ఎక్కువ" అని నవ్వాడు. ఇంతకుముందు ఇంకొక మెకానిక్‌కు ఇస్తే అతను పది రోజులకే వెనక్కి తెచ్చేసి, మేకులు నిలబడటం లేదన్నాడట. పని చేతగాక చెప్పిన సాకు అనుకున్నారట.

ఆ నవ్వు చూస్తే నాకు కోపం నెత్తికెక్కింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేది? వాళ్ల ఇంటి కోపానికి నా రూములో మనిషి బలయ్యాడు. అలా అనాలని నోటిదాకా వచ్చింది. కానీ ప్రసాదు పేరు కొట్టేసింది వాళ్ల తండ్రి కాదు. ఆవిడ పిడి నొక్కింది, గోలీ పోయి గిన్నెలో పడింది, గంట మోగింది. నేను టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఆ ఆదివారం సెలవు పెట్టి సముద్రం పక్క రోడ్డున పోయే బస్సెక్కి ఫహాహీల్ వెళ్లాను. చెంచా జేబులో పెట్టుకున్నాను. దర్జీ షాపు పైన రూము. ప్రసాదు అప్పుడే నిద్రలేచాడు. నన్ను చూసి గబగబా మంచం మీది బట్టలు సర్ది కూర్చోమన్నాడు. తప్పు నాదని చెప్పాను. మూడు తాళంచెవుల సంగతి, గంట సంగతి, అన్నీ చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్సన్నయ్యా. పగలు పడుకుంటే టిక్కుమని సప్పుడొచ్చేది. లేచి చూత్తే ఒకటి వంగేది. కాసేపాగి ఇంకోటి. దుప్పటి ముసుగేసుకుని ఆంజనేయుడి దండకం చదువుకునేవాణ్ణి."

"మరి చెంచా?"

"నువ్వొచ్చేలోగా నిలబెట్టేద్దామని. నాలుగింటికి లేచి ఆ చెంచా కాడతో ఒక్కోటి సరిచేసేవాణ్ణన్నయ్యా. నేను తానానికెళ్లొచ్చేసరికి మళ్లీ వంగిపోయేవి."

"నాతో ఒక మాట చెప్పుంటే అయిపోవునే!"

"చెప్తే నమ్ముతావేటి? కోప్పడతావు. అయినా ఎలాగూ కోప్పడ్డావు లే." అని కొంచెం నవ్వాడు. ఆ నవ్వులో ఏ దెప్పిపొడుపూ లేదు. అదే నన్ను చంపేసింది.

రూముకు వచ్చెయ్యమన్నాను. బతిమాలాను. టీ పెట్టి ఇచ్చాడు. ఇక్కడినుంచి డ్యూటీకి కంపెనీ బండి వస్తోందని, ఇక్కడే బాగుందని అన్నాడు. చెంచా ఇస్తే తీసుకుని, కడిగి, వాళ్ల బుట్టలో వేసుకున్నాడు. బస్‌స్టాపు దాకా వచ్చి బస్సెక్కించాడు.

ఆ మేకులు ఎలా వంగాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఇత్తడి సంగతి తెలిసినవాళ్లను అడిగాను, ఫొటోలు చూపించాను. ఒక్కరూ నాకు సరిపోయే జవాబు చెప్పలేదు. దెయ్యాలను నమ్ముతావా అని అడిగితే ఇప్పుడు కూడా ఏం చెప్పాలో తోచదు.

ఫ్రిజ్ మీద పాత కాగితం చించేసి కొత్తది అతికించాను. మూడో పేరు ప్రసాదు అనే రాశాను. మూడు వారాలకొకసారి అతని వంతు వస్తుంది. ఆ శుక్రవారం వంట నేనే చేస్తున్నాను.