గ్రీసు రేవులో పడుగు

గ్రీసు దేశపు దీవుల్లో మన నేతవారు ఉన్నారనే అసత్యం మా నేతవారి వాడ అయిన భవాని పేట్‌లో నేటికీ గౌరవంగా బతుకుతున్నది. అది పుట్టినప్పుడు పక్కన ఉన్నవారిలో నేనొక్కణ్ణే మిగిలాను కనుక, జరిగినదాన్ని క్రమంగా రాసిపెట్టడం నా విధి.

ఆ రోజుల్లో, అంటే పందొమ్మిది వందల యాభైలలో, మా పేటలో మెట్రిక్ ప్యాసైన ప్రతివాడూ తనను సగం దొరగా భావించుకునేవాడు. నేను పూర్తి దొరగానే భావించుకున్నాను. ఐరోపాలో ఏదో ప్రదర్శనలో చాదరు నేసి చూపడానికి మా మేనమామను పంపుతూ, ఇంగ్లీషు మాట్లాడే నిమిత్తం నన్నూ ఓడ ఎక్కించారు. దారిలో యంత్రం మొరాయించి ఓడ ఒక గ్రీసు దీవి దగ్గర ఆగింది. కూత వినగానే తిరిగి రావాలని, ఎవరి కోసమూ ఆగేది లేదని హెచ్చరించి మమ్మల్ని పడవలో ఒడ్డుకు చేర్చారు. కొండ మీద ప్రాచీనమైన కోట, దాని కింద మెట్లుమెట్లుగా తెల్లని ఇళ్లు, గడపల ముందే సముద్రం. నేను చరిత్ర పాఠం మొదలుపెట్టాను. మామ ఒక గోడను గోటితో గీకి చూసి, "సున్నం మంచిగనే కొట్టిన్రు. గింత పాత ఊళ్లె ఒక్క చాయ్ హోటల్ లేదేంది రా?" అన్నాడు. (ఆ దీవి మీద ఆయన ఫిర్యాదు అదొక్కటే.)

అంతలో ఓడ కూసింది. పరుగున దిగివచ్చేసరికి రేవు పొడవునా గుంజలు పాతి, మోకాలెత్తున దారాలు చాపి ఉన్నాయి. మా పడవ వాటికి అవతల ఉంది. మామ చటుక్కున ఆగిపోయాడు.

"పడుగు రా! దాటద్దు."

"మామా, అది చేపల వల."

"ఇంగ్లీషు సదివినోనికి పడుగేం ఎరుక? గంజి పెట్టి ఆరేసిన్రు. ఒకల పడుగు దాటితే వాళ్ల మగ్గం ఆగుతది."

"అరే, ఓడ పోతది మామా!"

"పోనీ. ఇంకోటి ఒస్తది."

(మా పేటలో పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను, వీధి పొడవునా చాపి గంజి పట్టించేవారు. దాన్ని దాటినవాడికి ముందు తిట్లు, తరువాత దెబ్బలు. చిన్ననాట నేను రెండూ తిన్నాను.) మూఢనమ్మకాలపై చక్కని ఉపన్యాసమిచ్చి, దాటి చూపడానికి కాలెత్తాను. కాలు గాలిలోనే నిలిచిపోయింది. మెట్రిక్ ప్యాసైనది నా తల మాత్రమేనని, కాళ్లు ఇంకా భవాని పేట్‌లోనే ఉన్నాయని ఆ క్షణంలో తెలిసింది.

ఒంటికాలి కొంగలా నిలిచిన నన్ను చూసి, వల బాగుచేస్తున్న ముసలమ్మ పడీపడీ నవ్వి, జాలరులను కేకేసింది. వారు వలను పైకెత్తి పట్టుకుంటే, తలలు వంచి కిందినుంచి దూరాము. మామ వెనుదిరిగి దండం పెట్టి, "మీ మగ్గం సల్లగుండాలె తల్లీ! పోగు జర మోటుగున్నది, సన్నగ వడకున్రి" అని సలహా కూడా ఇచ్చాడు. ఆయనను చేయిపట్టి లాక్కుపోయాను. నిచ్చెన తీసేస్తుండగా ఓడ ఎక్కాము.

తిరిగి వచ్చిన నాడు పేటంతా మా ఇంటి ముందు చేరింది. కోట గురించి నా ప్రసంగం ఇంకా ఊపందుకోలేదు. "ఆడ గూడ మనోళ్లే! సముద్రం ఒడ్డున పడుగు చాపుతరు" అన్నాడు మామ. ఇక కోటను పట్టించుకున్నవారు లేరు. పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. అది పడుగు కాదు, వల అని నేను అరిచాను.

"మరి దాటినవా బిడ్డా?" అని అడిగింది అమ్మ.

పూర్తి దొర మళ్లీ కోట సంగతి ఎత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ వీధిలో పడుగు చాపేవారు లేరు. అయినా అక్కడికి రాగానే నా కాలు తానే ఒక్క క్షణం ఆగి, అడుగు వేస్తుంది. కాలును చూసి నవ్వుకుంటాను. ఆ దీవి పేరు, కోట కట్టించినవారి పేరు మరిచాను. ఇంకేవైనా తప్పులు దొర్లినా, ఎరిగిన పాఠకులు దయతో సవరించాలి. వల సంగతి మాత్రం నేను రాసినట్లే ఉండనివ్వండి. ఆ ఒక్కదానిలో నాకు తోడు ఎవరూ లేరు.