చిన్నత్త గడపలో దించిన తట్టలు

అందరూ ఎట్లా ఉన్నారమ్మా... పోయిన వారం మోకాలి నొప్పి అని రాసిన అక్కా, ఇప్పుడు కాస్త నడవగలుగుతున్నావా? చక్కెర పెరిగిందన్న అల్లూరు తమ్ముడూ, మందులు వేళకు వేసుకుంటున్నావా? పాపకు జ్వరమని రాసిన తల్లీ, బిడ్డ పాలు తాగుతోందా? మీరు జవాబు రాసేదాకా నా మనసు నిలవదు.

నేను బాగానే ఉన్నాను. దిగులంతా మా మనవరాలు స్వాతి గురించే. తడ దగ్గర కంపెనీలో పని, అక్కడే అద్దె గది. భర్త వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. కడుపుతో ఉంది, ఇప్పుడు అయిదో నెల. రక్తం తక్కువగా ఉందని, బరువు పెరగలేదని డాక్టరమ్మ చెప్పారట. ఆ మాట విన్నప్పటి నుంచి మా చిన్నత్తే కళ్ళ ముందు మెదులుతోంది...

మా చిన్నప్పుడు... విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున మా పాలెం. పడవలు రాగానే ఆడవాళ్ళు చేపలు తట్టలకెత్తుకుని పై ఊళ్ళకు అమ్మడానికి పోయేవారు. మిగిలినవాటికి ఉప్పు పట్టించి ఇసుకలో ఎండబెట్టేవారు.

మా నాన్న చెల్లెలు శేషమ్మ, మా చిన్నత్త, తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. మా అవ్వ, అంటే నాన్న తల్లి, ఆమెకు సగం పళ్ళెం అన్నమే పెట్టేది. పక్కన ఒక ఎండుచేప ముక్క. కడుపు నిండా తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని అవ్వ నమ్మకం. అవ్వకు ఆమె అత్త అట్లాగే పెట్టిందట. ప్రేమ లేక కాదు... భయం. అవ్వ సొంత చెల్లెలు కాన్పులోనే పోయింది మరి.

చిన్నత్త తిని లేచి చేయి కడుక్కుని, మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చునేది. నా పళ్ళెం వైపు మాత్రం చూసేది కాదు... కావాలనే చూసేది కాదు.

కాన్పు సులువుగానే అయింది. కానీ పిడికెడు పిల్ల... ఏడవడానికి కూడా ఓపిక లేని పిల్ల. పేరు పెట్టక ముందే పోయింది.

చిన్నత్త మళ్ళీ కడుపుతో వచ్చినప్పుడు కూడా అవ్వ చేయి సగం పళ్ళెం దగ్గరే ఆగింది. పక్కింటి కోటమ్మ అది చూసి, చేపలు ఆరేసే చోట అందరి ముందే అడిగేసింది.

"ఏం వదినా, చేపల్తో పాటు కడుపులో బిడ్డను గూడా ఎండబెడతా ఉండావా?"

"నీ నోట్లో మన్ను పొయ్య! బిడ్డ లావైతే నా కూతురు తట్టుకుంటాదా? నా చెల్లెలు యెట్ట పోయిందో నువ్వు చూళ్ళేదా?" అంది అవ్వ.

"చూసినా. ఆ యమ్మ వొంట్లో రకతం లేక పోయింది వదినా. నర్సమ్మ చెప్తే నువ్వు ఇన్లా. నిలబడను సత్తువ లేనామె బిడ్డనెట్ట కంటాది? పోయిన బిడ్డ సన్నంగానే గదా పుట్టింది... బతికిందా?"

అవ్వ చేతిలో చేప అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోటమ్మే వచ్చి పక్కన కూర్చుంది. "ఊరుకో వదినా. అంతా నీ ఒక్కదాని మీదనే యెందుకేసుకుంటావు, మేమంతా లేమా?"

మరుసటి రోజు నుంచి మా వీధిలో ఒక పద్ధతి మొదలైంది. చేపలు అమ్మి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే, తట్ట మొదట చిన్నత్త ఉన్న మా గడపలో దించేవారు. చేపలకు బదులు రైతుల ఇళ్ళలో పెట్టిన మునగాకో, రాగులో, నువ్వులో, ఒక గుడ్డో... అందులోంచి కాస్త తీసిచ్చాకే తమ ఇంటికి పోయేవారు. ఉప్పుచేప మాన్పించి పచ్చిచేప పులుసు పెట్టించారు. నీళ్ళ బిందె ముట్టనిచ్చేవారు కాదు. చల్లపూట ఒకరు తోడుండి ఇసుక మీద నెమ్మదిగా నడిపించేవారు. నర్సమ్మ వచ్చిన రోజు పరీక్షకు కోటమ్మ ముందు నడిస్తే, చిన్నత్త వెనక.

"అమ్మే శేషమ్మా, ఇంత మేపుతా ఉండాం... పుట్టేవోడు మా తట్టలన్నీ మొయ్యాల, చెప్పి పెట్టు!" అని నవ్వించేవారు.

అవ్వ పళ్ళెం నిండా పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. భయం మాత్రం పోలేదు. నొప్పులు మొదలైన రోజు లోపలికి రాలేక వాకిట్లోనే కూర్చుంది. బిడ్డ ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది... అప్పుడు ఏడ్చింది అవ్వ.

మొన్న స్వాతికి ఫోన్ చేశాను.

"ఏం తిన్నావు పాపా?"

"టీ తాగి బస్సెక్కినా అమ్మమ్మా. బిడ్డ లావైతే ఆపరేషనే అంట. నాతో పనిచేసే వాళ్ళు చెప్పినారు. అందుకే తిండి తగ్గించినా."

ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ మా అవ్వ మాటే! చిన్నత్త సంగతి మొత్తం చెప్పాను. "నాకు పెట్టేదానికి ఇక్కడ ఎవురుండారు అమ్మమ్మా..." అంది చివరికి.

పక్క గదిలో ఎవరున్నారే అంటే తెలియదంది. పోయి తలుపు తట్టమన్నాను. అంగన్‌వాడీకి పోయి పేరు చెప్పమన్నాను. "నేను ఈ ఊరిదాన్ని కాదు గదా, ఏమంటారో" అని నసిగింది. అడగందే ఎట్లా తెలుస్తుంది...

రెండు రోజులకు తానే ఫోన్ చేసింది. పక్క గది మేరమ్మ గారు సాయంత్రాలు తనతో నడుస్తానన్నారట. పొద్దున పలహారం తినకుండా బస్సెక్కనివ్వనన్నారట. అంగన్‌వాడీలో పేరు రాసుకున్నారట. ఐరన్ మాత్రలు టీతో వేసుకోవద్దని కూడా చెప్పారట. కొంచెం ఊపిరి వచ్చింది. అయినా తింటోందో లేదో, నాకోసం అట్లా చెబుతోందో...

మా రోజుల్లో కడుపుతో ఉన్నానని ఎవరికీ చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. నడక చూసి వీధే కనిపెట్టేది. ఇప్పుడు మనమే పోయి తలుపు తట్టాలి... తట్టినా తప్పు లేదమ్మా. మీ అమ్మలు కడుపుతో ఉన్నప్పుడు ఎవరు పెట్టారు, ఎవరు తోడు నడిచారు? రాయండి, అన్నీ చదువుతాను.

వచ్చే శుక్రవారం స్వాతికి మళ్ళీ రక్త పరీక్ష. నేను గురువారం పొద్దున బస్సుకే తడకు పోతున్నాను.