పడవలో ఉపవాసం

మా మేనమామ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను మిడిల్ పాయింట్ బజారులో బెండకాయలు ఏరుకుంటున్నాను. వాటిని అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి తిరుగుతున్నాను.

మా దీవిలోనే వండూర్ తీరాన మావయ్యకూ మరికొందరికీ కలిపి చేపల వేటకు ఒక చిన్న పడవ, డింగీ ఉంది. ఆయనది పెద్దపేగులో పుండ్లు పడి నెత్తురు పోయే జబ్బు, ఏం తిన్నా మాటిమాటికీ వెళ్ళాల్సొచ్చేది. డింగీలో మరుగెక్కడిది? అందుకే వేటకు వెళ్ళే రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. తోటివాళ్ళు అది గంగమ్మతల్లికి మొక్కు అనుకున్నారు. వల నిండితే ఆ పుణ్యం ఆయనదే అన్నారు.

"ఆళ్ళు దండం పెడతన్నారే అమ్మీ. ఇప్పుడెల్లి కడుపు బాగోలేదని సెప్పమంటావా?" అని నవ్వేవారు. ఆ గుట్టు నాకూ అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు.

డాక్టరుగారు మాకు ఓపికగా చెప్పారు. రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలే పేగు మీద పడుతున్నాయట. ఇలాంటి పేగు జబ్బుల్లో ఒక్కోదానికి రక్తంలో ఆ కణాల తీరు ఒక్కోలా ఉంటుందట, అయినా రక్తం ఒక్కటే చూసి ఏ జబ్బో తేల్చలేరట. ఆ కణాలను అణచడానికి మాత్రలిచ్చారు. అవి మరీ తగ్గిపోతే ప్రమాదం కాబట్టి రక్తపరీక్ష మానొద్దన్నారు, జ్వరమొస్తే ఆ క్షణమే రమ్మన్నారు.

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాను బయటికొచ్చాక.

"మనకి సేనెక్కడిదే? వలే సేపల్ని తినేత్తంది" అన్నారు. దారంతా ఆ మాటకు తనే నవ్వుకున్నారు.

నేను వెళితే చేప కాల్చి, ముళ్ళు తీసి నా పళ్ళెంలో వేసేవారు. "నువ్ తిను, నాను సూత్తాను" అనేవారు. అలా చూస్తూ కూర్చునేవారు.

జ్వరం నడిసముద్రంలో వచ్చింది. పడవ వెనక్కి తిప్పమని ఆయన అడగలేదు. ఒడ్డుకు చేరేసరికి ఆలస్యమైపోయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నా వల్ల కావడం లేదు.

పెద్దకర్మ భోజనాల దగ్గర పడవవాళ్ళలో ఒకతను అన్నాడు: "దీదీ, మావ లేడు కదా, ఇంక పడవకి ఉపాసం ఎవులుంటారు? మా తమ్ముడ్ని ఉండమంటన్నాం."

"అది మొక్కు కాదు భయ్యా, జబ్బు" అన్నాను. పేగు, నెత్తురు, మాత్రలు, జ్వరం, అన్నీ చెప్పేశాను. అత్త నావైపు చూసి తల దించుకుంది.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తుంటే పంక్తి చివర కూర్చున్న, పడవ నడిపే సరంగు నన్ను ఆపాడు. మావయ్య ఈడువాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నాకూ నెత్తురు పడతందమ్మా. శానా రోజులై. ఎవులికీ సెప్పనేదు. ఆ డాక్టర్ ఏ రోజు కూకుంటాడు?"

రేపే వెళదాం అన్నాను. అతని విస్తట్లో పప్పు ఒక పక్క, కూర ఒక పక్క, అన్నం మధ్యలో, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.