వీరగల్లుకు చివరి స్నానం

మా మ్యూజియంలో ఒక వీరగల్లు ఉంది. 'పరాయి దండయాత్రను ఎదిరించి మాతృభూమి కోసం ప్రాణమిచ్చిన వీరుడు' అని దాని కింద పలక రాసింది నేను. అది అబద్ధం. ఆ రాతిలో పరాయివాడెవడూ లేడు. పై వరుసలో ఆవులు, కింద బల్లెం పట్టిన మనిషి, ఎదురుగా గుర్రం మీద, గొడుగు నీడలో ఒక దొర. ఆవులను తోలుకుపోతున్నది దొర. అడ్డంపడి చచ్చింది ఊరివాడు. మొదట అలాగే రాశాను. మా అధికారి కొట్టేసి, కొత్త దేశానికి వీరులు కావాలి గానీ ఊళ్ల తగాదాలు కాదన్నాడు. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆయన చెప్పినట్టే రాసిచ్చాను.

ఆ రాయి బచ్చన్నపేట దిక్కు ఒక ఊరి పొలిమేరలోది. మేము వెళ్లేనాటికి పోలీసు చర్య పేరిట సైన్యం దిగి ఏడాది దాటింది. సంఘానికి భయపడి పారిపోయిన దొరలు దాని వెనకే గడీలకు తిరిగొచ్చారు. దొర కొట్టంలో కట్టేయించిన ఊరి పశువులను జనంతో వెళ్లి విడిపించుకొచ్చిన సంఘం కుర్రవాణ్ణి ఆ ఊళ్లోనే సైనికులు కాల్చేశారు. శవాన్ని లారీలో వేసుకుపోయారు. ఎక్కడ తగలబెట్టారో తల్లికి చెప్పలేదు. ఏడవడానికి సమాధి లేక ఆమె ఆ పాత రాతినే కొడుకనుకుంది. పసుపు పూసి, బొట్టు పెట్టి, రోజూ ముద్ద పెట్టేది.

రాయి తేవడానికి మాకు లారీ ఇచ్చింది ఆ సైనికులే.

ఫోటో తీయాలి, పసుపంతా గీకెయ్యమన్నాడు అధికారి. ఇనుప బ్రష్‌తో మొదలుపెట్టాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు బిడ్డా. నేను కడుగుత. మావోనికి తానం గూడ పోయనియ్యలే."

మనకు పని తప్పింది, కడగనీ అని అధికారి నవ్వాడు. ఆమె నీళ్లు కాచి తెచ్చింది. శవానికి పోసినట్టు తల నుంచి కిందికి పోసింది. బల్లెం పట్టిన మనిషి మొహాన్ని వేళ్లతో రుద్దింది. సబ్బు కావాలా అని ఒక సైనికుడు హిందీలో వెక్కిరించాడు. కడగడం అయ్యాక ఆమె కప్పిన కొత్త గుడ్డను ఫోటోకు అడ్డమని మా అధికారి లాగేశాడు.

పట్నంలో మంచిగా చూసుకుంటామని నేను చెప్పాను. ఆమె రాతిలో గుర్రం మీది దొరను చూపించింది.

"వీడు గూడ వస్తడా వెంట?"

"ఒక్కటే రాయి గదా అవ్వా."

"అయితే ఆడ గూడ పీడ ఇడ్వదన్నట్టు."

లారీ కదిలింది. ఆమె కుండలో నిప్పు పట్టుకుని ముందు నడవసాగింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె పక్కకు జరగలేదు. ఒక సైనికుడు దిగి కుండను తన్నాడు. నిప్పులు ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె కూర్చుని వాటిని వట్టి చేతులతో పెంకులోకి ఏరుకుంటుంటే లారీని పక్కనుంచి తిప్పారు. అంచు కూడా చిట్లకూడదని అధికారి హెచ్చరించడంతో నేను వెనక రాతిని పొదివి పట్టుకుని ఉన్నాను. దిగలేదు.

ఆమె తల ఎత్తి నాతో ఒకటే చెప్పింది.

"నిలబెట్టకు బిడ్డా. పండుకోబెట్టు."

మ్యూజియంలో దాన్ని నిలబెట్టి, కదలకుండా అడుగున సిమెంటు పోయించాను.